పెద్దమ్మ అమ్మేసిన స్టీలు గ్లాసు

మా పెద్దమ్మ పోయింది. మంగళవారం పొద్దున కాఫీకి లేవలేదు. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపబోతే చల్లగా తగిలింది. గుండె నిద్రలోనే ఆగిపోయిందని అంబులెన్స్ వాళ్ళు చెప్పారు.

ఆ సంగతి ఈ పేషంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఒక్క లైను. మీరంతా దండాలు పెట్టే బొమ్మలు పెట్టారు. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో ఒక అంకుల్ అడిగారు: "సో సారీ. ఇంతకీ మన ఫైల్స్ ఎవరి దగ్గర ఉన్నాయి?" దాని కింద ఇంకో ఇద్దరు "సేమ్ క్వశ్చన్" అన్నారు.

అంకుల్, ఫైల్స్ కొత్త డాక్టర్ దగ్గర ఉన్నాయి. సెప్టెంబర్ నుంచి అక్కడే ఉన్నాయి. మీకు ఉత్తరం వచ్చింది. ఫోన్ వచ్చింది. పెద్దమ్మ మీ ఇంటికి వచ్చి మరీ చెప్పింది. మీరు పులిహోర పెట్టి పంపారు, ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది.

నేనెవరో కొందరికి గుర్తుండకపోవచ్చు. మీరు ఇంటికి వచ్చినప్పుడు తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి జరిగి నిలబడే అబ్బాయిని. మీకు ఆవిడ డాక్టరు గారు, మేడం, అక్క. నాకు అమ్మ వాళ్ళ అక్క. నా వెన్నెముక వంకర. దానికి నడుం చుట్టూ బిగించే బ్రేసులు, ఆసుపత్రులు అని తిరగడంతో చదువు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తెలుగు ఆరో తరగతిలో ఆగింది, ఇంగ్లీషు సరిగ్గా మొదలే కాలేదు. మాట్లాడమంటే నాకు గొంతు పూడుకుపోతుంది. అందుకే టైప్ చేస్తున్నాను. పొడుగైపోతుంది. అయినా చదవండి. నాలుగు వారాల నుంచి నా కడుపులో ఉన్నది ఇది.

ఎవరి పేరూ రాయను. పేషంట్ల సంగతులు పేర్లతో చెప్పకూడదని పెద్దమ్మ రూలు. ఎవరి గురించి రాశానో ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

పెద్దమ్మ క్లినిక్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఇండియన్ కిరాణా కొట్టుకి రెండు తలుపుల అవతల ఉండేది. ఇండియాలో ఫిజియోథెరపీ చదివి, అమెరికా వచ్చాక మళ్ళీ మొదటి నుంచి, వెన్నూ మెడా చేత్తో సరిచేసే కైరోప్రాక్టర్ చదువు చదివింది. మీరు కిరాణా సంచులతోనే లోపలికి వచ్చేవాళ్ళు. వెయిటింగ్ రూమంతా కరివేపాకు వాసన.

లోపల ఒక టేబుల్. తల దగ్గర మొహం పెట్టుకోవడానికి కంత. అందులో మొహం పెట్టి బోర్లా పడుకుంటే నేల తప్ప ఏమీ కనిపించదు. ఒక టైలు పగిలి ఉండేది. కాసేపటికి ఆ టైలు మీదికి పెద్దమ్మ మెరూన్ రంగు చెప్పులు వచ్చి ఆగేవి. వెంటనే చెయ్యి వేసేది కాదు. వేడినీళ్ళు పోసిన స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి మూడు ప్రశ్నలు అడిగేది.

"ఏం తిన్నావ్? ఎన్నింటికి పడుకున్నావ్? ఎవరి మీద కోపంగా ఉన్నావ్?"

మూడో ప్రశ్నకి చాలామంది "ఎవరి మీదా లేదు" అనేవాళ్ళు. "నిన్నడగలేదు, నీ భుజాన్ని అడిగా" అనేది పెద్దమ్మ. అప్పుడు వాళ్ళు నవ్వేవాళ్ళు, భుజం కిందికి దిగేది, టక్‌మని శబ్దం వచ్చేది. అయిపోయేది.

కార్లకి సీట్లు డిజైన్ చేసే అంకుల్ ఒకరున్నారు. పదకొండేళ్ళుగా నడుం నొప్పి. ఆయన వచ్చిన ప్రతిసారీ పెద్దమ్మ అదే మాట.

"దేశం మొత్తం కూర్చోవడానికి సీట్లు చేస్తావు. నువ్వు కూర్చోవడం ఎప్పుడు నేర్చుకుంటావయ్యా?"

"నేను చేసిన సీట్లో కూర్చునే కదా మేడం ఇలా అయ్యింది!"

కిందటి వేసవిలో పెద్దమ్మ పాల క్యాను మూత తీయలేకపోయింది. రెండు బొటనవేళ్ళూ అరిగిపోయాయి. ఇరవై ఏళ్ళు మీ మెడలు తిప్పిన వేళ్ళవి. క్యాను నా చేతికిచ్చి, "ఇంక నా వల్ల కాదు రా. క్లినిక్ అమ్మేస్తా. కానీ వీళ్ళని గాలికి వదిలేసి పోను, ఎవరో ఒకళ్ళకి అప్పజెప్పే పోతా" అంది.

కొనడానికి మొదట ఒకాయన వచ్చాడు. ఒక్కో పేషంట్‌ని ఎన్నిసార్లు రప్పిస్తారని అడిగాడు. "తగ్గేదాకా" అంది పెద్దమ్మ. ఆయన నవ్వాడు. పెద్దమ్మ కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది. తర్వాత డాక్టర్ మేగన్ వచ్చింది. ఇక్కడి అమ్మాయే, ముప్పై రెండేళ్ళు. ఏమీ అడగకుండా, తనే టేబుల్ మీద పడుకుని, ముందు నాకు చేసి చూపించండి అంది. లేచాక కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ ఆ రోజే ఖాయం చేసుకుంది.

కాగితంలో రాసుకున్నది ఇది. మూడు నెలలు ఇద్దరూ కలిసి చూస్తారు. ఆ తర్వాత పెద్దమ్మ ఈ చుట్టుపక్కల ఎవరికీ వైద్యం చెయ్యదు, తన పేషంట్లందరినీ మేగన్ దగ్గరికే పంపుతుంది. టేబుల్, దీపాలు, కెటిల్, ఫైళ్ళు, గదిలో ఉన్నదంతా మేగన్‌దే. చివర్లో ఆ స్టీలు గ్లాసు చూపించి ఇది తీసుకెళ్ళండి అని మేగన్ అంటే, "గదిలో ఉన్నదంతా అని సంతకం పెట్టాక గ్లాసు మోసుకుపోవడమేంటి, నీదే" అంది పెద్దమ్మ.

ఆ మూడు నెలలు ఎంత బాగా జరిగాయో మీకు గుర్తుందిగా. ఒక్కొక్కరికీ ముందు పెద్దమ్మ తన అరచెయ్యి ఆనించి, "ఈయనకి ఇక్కడ పట్టేస్తుంది, చూడు" అని చెప్పి, అదే చోట మేగన్ చెయ్యి తీసుకుని పెట్టేది. ఒక్కో పేషంట్‌కి ముప్పావుగంట. బయట లైను కిరాణా కొట్టు దాకా.

"అచ్చం అప్పగింతల్లా ఉంది మేడం. పాలగిన్నె తెప్పించమంటారా?" అన్నారు సీట్ల అంకుల్ బోర్లా పడుకునే.

"నోరు మూసుకుని ఊపిరి వదులు."

మేగన్‌కి అర్థం కాక నా వైపు చూసింది. పెళ్ళిలో అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడతారని నేను చెప్పాలి. చెప్పలేదు. గోడ వైపు చూశాను.

చివరి రోజున మీరంతా మేగన్‌తో "వస్తాం, తప్పకుండా వస్తాం" అన్నారు. పాపం ఆ అమ్మాయి నిజమనుకుంది. డిసెంబర్‌లో శనివారాలన్నీ మీ పేర్లతో నింపేసింది. ముందు గదిలో ఫోన్లు చూడ్డానికి ఒకమ్మాయిని పెట్టుకుంది. మీలో చాలామంది ఒక్కసారి వెళ్ళారు. రెండోసారి ఎవరూ వెళ్ళలేదు. రావడం లేదని కూడా ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళ మొహం మీద కాదనకూడదంటారు. సరే. ఫోన్లో ఎదురుగా మొహం లేదుగా, అప్పుడైనా చెప్పొచ్చుగా?

పెద్దమ్మ స్పీకర్ పెట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అందరూ ఒకటే పాట.

"చాలా మంచి పిల్ల మేడం. చాలా బాగా చేస్తుంది. కానీ..."

"కానీ ఏంటి?"

"అబ్బే, ఏం లేదు మేడం. చూద్దాం."

ఫోన్ పెట్టేసి పెద్దమ్మ వంటింట్లో నిలబడిపోయేది. "ఏం నేర్పలేదు రా నేను ఈ పిల్లకి? ఎవరి మెడ ఎటు తిరుగుతుందో, ఎవరికి చక్కిలిగింతలో కూడా చెప్పానే!" అనేది. కాఫీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే ఆలోచించేది.

జనవరి నుంచి మీరు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు.

"ఊరికే, చూసి పోదామని." అందరిదీ ఇదే మాట. చేతిలో కమలాపళ్ళు. టీ తాగేవాళ్ళు. మంచు గురించి మాట్లాడేవాళ్ళు. లేవబోతూ, గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడే గుర్తొచ్చినట్టు, "మేడం, ఈ కుడి భుజం కొంచెం..."

పెద్దమ్మ చెప్పింది. ప్రతిసారీ చెప్పింది. "నేను చెయ్యకూడదు. మాటిచ్చాను."

"ఇది క్లినిక్ కాదుగా మేడం, ఇల్లు!"

హైదరాబాద్ ఆంటీ ఇంకో అడుగు ముందుకేశారు. "అక్కా, ట్రీట్‌మెంట్ అనకు దాన్ని. జర చెయ్యి పెట్టు, గంతే. నువ్వు చెయ్యి పెడితె చాలు, నొప్పి దానంతటదే పోతది."

పెద్దమ్మ కరిగిపోయేది. హాల్లో కార్పెట్ మీద, అరిగిపోయిన ఆ బొటనవేళ్ళతో, మోకాళ్ళ మీద కూర్చుని. మీరు వెళ్ళాక వేళ్ళకి మంచుముక్కలు కట్టుకుని సోఫాలో పడుకునేది. మీరు చూడలేదు. నేను చూశాను. "పెద్దమ్మా, రావద్దని చెప్పు" అంటే, "నొప్పితో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి ఎలా పంపను రా? నువ్వే చెప్పు, పెద్దమ్మ ఇంట్లో లేదని" అనేది. బెల్లు మోగేది. నేను వెళ్ళేవాణ్ణి. తలుపు తీసేవాణ్ణి. నోట్లోంచి మాట వచ్చేది కాదు. మీరు నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్క మాట. "లేదు" అనే ఒక్క మాట అనలేకపోయాను. మీ మీద ఎంత విసుగో నా మీద అంతకు రెండింతలు.

ఒక శనివారం మధ్యాహ్నం బెల్లు మోగితే తలుపు తీశాను. డాక్టర్ మేగన్. పెద్దమ్మని పలకరించడానికి కేక్ తెచ్చింది. గుమ్మం దగ్గర ఏడు జతల మంచు బూట్లున్నాయి. ఆమె ముందు వాటిని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను అలవాటుగా పక్కకి జరిగాను.

హాల్లో సీట్ల అంకుల్ కార్పెట్ మీద బోర్లా ఉన్నారు. పెద్దమ్మ రెండు చేతులూ ఆయన నడుం మీద ఉన్నాయి. సోఫాలో మిగతా ఆరుగురు, చేతుల్లో టీ కప్పులు. అంకుల్ తల ఎత్తి చూసి, "యోగా!" అన్నారు.

పెద్దమ్మ సోఫా పట్టుకుని లేచి నిలబడింది. "నాదే తప్పు. మాటిచ్చి తప్పాను" అంది ఇంగ్లీషులో.

మేగన్ అరవలేదు. అరిచినా బాగుండేది. కేకు బల్ల మీద పెట్టి, మీ ఏడుగురినీ చూసి ఒకటే అడిగింది. నేనేం తప్పు చేస్తున్నాను, దయచేసి ఎవరైనా చెప్పండి, మార్చుకుంటాను అంది.

మీరేం చెప్పారు? "నో నో నో, యు ఆర్ వెరీ గుడ్! వెరీ వెరీ గుడ్!" ఏడుగురూ ఒకేసారి. హైదరాబాద్ ఆంటీ లేచి ఆమెకి కేకు ముక్క కోసిచ్చారు, ఆమె తెచ్చిన కేకే. మేగన్ తినలేదు. కారులో చాలాసేపు కూర్చుని వెళ్ళింది. కిటికీలోంచి చూశాను.

ఆ సాయంత్రమే పెద్దమ్మ ఒక కాగితం మీద మీ పేర్లన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది. మేగన్ దగ్గరికి వెళ్ళి కుదురుకున్న వాళ్ళ పేరు కొట్టేస్తానంది. ఇంటికి ఎవరూ రావద్దని ఈ గ్రూపులోనే రాసింది, కావాలంటే పైకి జరిపి చూసుకోండి. కాగితంలో అన్నిటికంటే కింద నా పేరు.

"నేనెందుకు?" అన్నాను.

"నువ్వు నా పేషంట్‌వి కాదా? ఇంట్లోవాడివే వెళ్ళకపోతే బయటివాళ్ళని ఏ మొహంతో పంపను?"

"పెద్దమ్మా, కొత్తవాళ్ళ ముందు చొక్కా విప్పలేను."

"వంకర వెన్ను ఆ పిల్ల చూడలేదనుకున్నావా? ఆమె చదివిందే అది. నా చెయ్యి ఇంక లేదు అనుకో నాన్నా. ఉన్న చెయ్యి పట్టుకో."

నేనేమన్నానో తెలుసా? "చూద్దాం" అన్నాను. మీ అందరిలాగే. వారం తర్వాత మళ్ళీ అడిగితే "తప్పకుండా" అన్నాను. సోమవారం రాత్రి అన్నం తింటూ అడిగితే "రేపు" అన్నాను. ఆ రేపు మంగళవారం.

అంత్యక్రియలకి మీరంతా వచ్చారు. మేగన్ కూడా వచ్చింది, కోటు విప్పకుండా చివర్లో నిలబడింది. మీరు ఆమె దగ్గరికి వెళ్ళి "తప్పకుండా వస్తాం" అన్నారు. అక్కడ కూడా! నాకు అరవాలనిపించింది.

ఆ తర్వాతి శనివారం నేనే నడుచుకుంటూ క్లినిక్‌కి వెళ్ళాను. ముందు గదిలో ఎవరూ లేరు. ఆ ఫోన్ల అమ్మాయిని పంపేసినట్టున్నారు. మేగన్ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తువ్వాలు ఇచ్చి, చొక్కా విప్పి రెడీ అయ్యాక చెప్పమని గోడ వైపు తిరిగింది. నేను రెడీ అయ్యాను. చెప్పలేదు. ఆమె అలాగే గోడ చూస్తూ చాలాసేపు నిలబడింది. చివరికి టేబుల్ మీద రెండుసార్లు తట్టాను.

కంతలో మొహం పెట్టుకున్నాను. పగిలిన టైలు. తెల్ల బూట్లు వచ్చాయి. వీపు మీద చేతులు పడ్డాయి.

అబ్బా! జనవరిలో గ్లవ్స్ లేకుండా కారుకి పెట్రోలు కొట్టే గ్యాస్ పంపు పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా. నా ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోయింది. బిగుసుకున్నదాన్ని ఆమె నొక్కుతుంటే నొప్పి. ఆమె చేతిలో పని ఉంది, సరైన చోటే నొక్కుతోంది. కానీ.

అదీ మీ "కానీ". అదొక్కటే. మూడు నెలలూ పెద్దమ్మ వేడి అరచెయ్యి ముందు పడేది కాబట్టి అప్పుడు మీకు తెలియలేదు. తర్వాత వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలిసింది. ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "డాక్టర్ గారూ, మీ చేతులు చల్లగా ఉన్నాయి" అనలేకపోయారా? ఆమెని నొప్పించకూడదని అందరూ కలిసి ఆమె గదిని ఖాళీ చేశారు. పెద్దమ్మ బొటనవేళ్ళని మళ్ళీ కార్పెట్ మీదికి దింపారు. చేతులు చల్లగా ఉన్నాయని!

పెద్దమ్మకి కూడా తట్టలేదు. గ్లాసు పట్టుకోవడం ఆవిడకి ఊపిరి లాంటిది, వైద్యంలో లెక్క కాదు. నాకూ తట్టలేదు. పెద్దమ్మ నాకు చేసిన నాలుగేళ్ళూ నా మొహం కంతలోనే ఉంది. ఆ నీళ్ళు ఆవిడ తాగుతుందనుకున్నాను.

నేను లేచాను. మేగన్ కంగారుపడి సారీ సారీ అంది. చెప్పాలనుకున్నాను. నా గొంతు సంగతి మీకు తెలుసుగా. తువ్వాలు చుట్టుకుని గదంతా చూశాను. కంప్యూటర్ పక్కన ఉంది స్టీలు గ్లాసు. నిండా పెన్నులు. ఒక కత్తెర కూడా.

పెన్నులు తీసి బల్ల మీద పెట్టాను. గ్లాసు కడిగాను. కెటిల్ పెట్టాను. మేగన్ చూస్తోంది. నీళ్ళు కాగాయి, పోశాను. ఆమె చేతులు పట్టుకుని గ్లాసు చుట్టూ పెట్టాను. కొత్త మనిషి చెయ్యి నేనై నేను పట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె గ్లాసుని చూసింది, తన చేతులని చూసుకుంది, ఖాళీ వెయిటింగ్ రూము వైపు చూసింది. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టింది.

క్లినిక్‌కి ఆదివారం ఒక్కటే సెలవు. మిగతా రోజుల్లో మీకు కావలసినంత ఖాళీ ఉంది. ఫ్రిజ్ మీద కాగితం ఇంకా ఉంది. నా పేరు నేనే కొట్టేసుకున్నాను. మీ పేర్లు కొట్టెయ్యడానికి పెన్ను పక్కనే పెట్టాను. ఈసారి తప్పకుండా అని రాయకండి. వెళ్ళండి.

ఆ రోజు, గ్లాసు ఆమె చేతుల్లో పెట్టాక, నేను మళ్ళీ బోర్లా పడుకున్నాను. మూడు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. అయినా మనసులో జవాబు చెప్పుకున్నాను. ఇడ్లీ తిన్నాను. ఆలస్యంగా పడుకున్నాను. కోపం మీ అందరి మీద, నా మీద, కొంచెం పెద్దమ్మ మీద కూడా.

కంతలోంచి పగిలిన టైలు కనిపిస్తోంది. తెల్ల బూట్లు దాని మీదికి వచ్చి ఆగాయి. పైన ఎక్కడో గ్లాసుకి ఉంగరం తగిలి సన్నగా చప్పుడైంది. బూట్లు కదల్లేదు. ఆ వేడి చేతుల్లోకి ఎక్కేదాకా అక్కడే నిలబడి ఉన్నాయి.